విత్తనం నుంచి బ్లాక్ ఐడ్ సూసన్: గింజ చల్లిన రోజు నుంచి గింజ దాచుకునే రోజు దాకా

"విత్తనాలు చల్లి నెల రోజులైంది, ఒక్కటి కూడా మొలవలేదు." ఈ పువ్వు గురించి నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది మొదట అనే మాట ఇదే. ఆ తర్వాత ఎక్కువగా వినేది, "మొక్క ఏపుగా ఉంది, ఆకులు బోలెడు, పువ్వు మాత్రం లేదు" అని.

మొదటిదానికి కారణం దాదాపు ప్రతిసారీ గింజను మట్టి కింద పాతిపెట్టడమే. రెండోదానికి కారణం విత్తిన కాలమైనా అయ్యుంటుంది, ఎరువు ఎక్కువ కావడమైనా అయ్యుంటుంది. ఈ మూడూ సరిగ్గా ఉంటే మిగతా పని తేలిక. అందుకే వీటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, మిగతావి చకచకా చెప్పేస్తాను.

## 1. ముందు ప్యాకెట్ మీద పేరు చూడండి

బ్లాక్ ఐడ్ సూసన్ అనే పేరు మీద కనీసం మూడు వేర్వేరు మొక్కల విత్తనాలు దొరుకుతాయి. ఒక్కోదాన్ని ఒక్కోలా విత్తాలి. శాస్త్రీయ నామం చదవకుండా పని మొదలుపెట్టకండి.

రుడ్‌బెకియా హిర్టా. పసుపు రేకులు, మధ్యలో ముదురు గోధుమరంగు బొడిపె, ఆకుల మీదా కాడల మీదా గరుకైన నూగు. రెండు మూడేళ్లకు మించి బతకడం తక్కువ. చాలామంది ఏడాది మొక్కగానే పెంచుతారు. ఇక్కడ చెప్పేదంతా దీని గురించే.

రుడ్‌బెకియా ఫుల్గిడా. చూడ్డానికి దగ్గరి చుట్టమే, కానీ ఏళ్ల తరబడి దుబ్బు కట్టి ఉంటుంది. గోల్డ్‌స్టర్మ్ అనే రకం ఈ జాతిదే. దీని గింజ మొలవాలంటే ముందు కొన్ని వారాలు చలి తగలాలి.

థన్‌బెర్జియా అలాటా. ఇది తీగ. నారింజ లేదా పసుపు పువ్వు, మధ్యలో నల్లటి బొట్టు. మొదటి రెండింటితో దీనికి ఏ చుట్టరికమూ లేదు. గింజను ఒక రోజు నానబెట్టి, ఒక సెంటీమీటరు లోతులో పెట్టాలి.

ఒకసారి నాకొచ్చిన ప్యాకెట్ మీద రుడ్‌బెకియా బొమ్మే ఉంది. విప్పి అరచేతిలో పోసుకుంటే మిరియాల్లాంటి గుండ్రటి గింజలు, ఒక్కోదానికీ ఒక పక్క చిన్న గుంట. అవి తీగ విత్తనాలు. రుడ్‌బెకియా గింజ అలా ఉండదు. నల్లగా, సన్నగా, రెండు మిల్లీమీటర్ల పొడవుంటుంది. గ్రాముకు మూడు వేలకు పైనే తూగుతాయి. అరచేతిలో పోసుకుని గట్టిగా ఊపిరి వదిలితే చాలు, ఎగిరిపోతాయి. గింజ చూస్తే మొక్క తెలిసిపోతుంది కాబట్టి విత్తే ముందు ఒక్కసారి చేతిలో పోసుకుని చూడండి.

ఇక రకాల సంగతి. కుండీల్లో పెంచేవాళ్లకు టోటో బాగుంటుంది, 25 నుంచి 30 సెం.మీ. ఎత్తులో ఆగిపోతుంది. పెద్ద మడి ఉంటే ఇండియన్ సమ్మర్ వేయండి. 90 సెం.మీ. దాకా పెరిగి, అరచేతిని మించిన పూలిస్తుంది. మధ్యలో నలుపు బదులు ఆకుపచ్చ కన్ను కావాలంటే ప్రెయిరీ సన్, రేకులే ముదురు ఎరుపుగా కావాలంటే చెర్రీ బ్రాండీ. మొదటిసారి పెంచుతుంటే మామూలు పసుపు హిర్టానే తీసుకోండి. అన్నిటికంటే మొండిది అదే.

## 2. కాలం లెక్క పువ్వు నుంచి వెనక్కి వేయండి

విత్తనం చల్లిన రోజు నుంచి మొదటి పువ్వు దాకా సుమారు మూడున్నర నుంచి నాలుగు నెలలు పడుతుంది. పూలు ఎప్పుడు కావాలో అనుకుని అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టండి.

ఈ మొక్క గుణం ఒకటి ముందే తెలుసుకోవాలి. చాలా రకాలు పగటి పొడవును బట్టి మొగ్గ కడతాయి. పగళ్లు పొట్టిగా ఉన్నన్నాళ్లూ నేలకు అంటుకుని ఆకుల గుత్తిగానే ఉండిపోతాయి. పగళ్లు పొడుగవుతున్న కొద్దీ మధ్యలోంచి కాడ లేస్తుంది. ఆలస్యంగా విత్తిన మొక్క ఆ ఏడంతా ఆకులతోనే గడిపి, మరుసటి ఏడు పూయడం దీని సహజ స్వభావం. మొక్కకు జబ్బేమీ లేదు.

- మంచు పడే ప్రాంతాల్లో: చివరి మంచు పడే తేదీకి 6 నుంచి 8 వారాల ముందు ఇంటి లోపల ట్రేలో నారు పోయండి. వేసవి మధ్యకు పూలొస్తాయి.
- మంచు పడని వేడి ప్రాంతాల్లో: ఎండలు, పెద్ద వానలు తగ్గాక నారు పోయండి. చలికాలమంతా మొక్క వేళ్లు పట్టి, గుత్తి కట్టి, పగళ్లు పొడుగయ్యే వేళకు మొగ్గకు సిద్ధంగా ఉంటుంది.

నడివేసవిలో మొదలుపెట్టొద్దని నా సలహా. మొలకెత్తడానికి 21 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ వేడి బాగా సరిపోతుంది. ఎండలు మండే రోజుల్లో మట్టి పైపొర గంటల్లో ఆరిపోతుంది. ఈ గింజ ఉండేదేమో ఆ పైపొరలోనే.

## 3. దగ్గర పెట్టుకోవాల్సినవి

- అడుగున చిల్లులున్న నారు ట్రే, లేదా 5–6 సెం.మీ. లోతున్న ఏదైనా వెడల్పాటి డబ్బా
- ఆ ట్రే పట్టేంత పళ్లెం, కింద నుంచి నీళ్లు పట్టడానికి
- బాగా తడిపి పిండిన కొబ్బరి పొట్టు రెండు పాళ్లు, జల్లెడ పట్టిన వర్మికంపోస్ట్ ఒక పాలు, సన్న ఇసుక ఒక పాలు
- సన్నటి తుంపర వచ్చే స్ప్రే సీసా
- పలచటి పాలిథిన్ కవరు లేదా పారదర్శకమైన మూత
- రెండు చెంచాల పొడి ఇసుక, గింజల్లో కలపడానికి
- పంటిపుల్ల, లేబుళ్లు, పెన్సిల్ (పెన్ను రాత తడికి చెరిగిపోతుంది)

తోటమట్టిని నేరుగా ట్రేలో నింపకండి. అందులో కలుపు గింజలుంటాయి, నారుకుళ్లు తెచ్చే శిలీంధ్రాలుంటాయి, ఆరితే గట్టిపడుతుంది. ఇంత చిన్న మొలక ఆ గట్టి పెచ్చును తోసుకుని వేరు దింపలేదు.

పాత ట్రే అయితే సబ్బు నీళ్లతో రుద్ది, ఎండలో ఒక రోజు ఆరబెట్టండి. ఈ ఒక్క పనితో తర్వాత చాలా టెన్షన్ తప్పుతుంది.

గింజ పాతదైతే పరీక్ష చేసుకోండి. తడి టిష్యూ మీద 20 గింజలు పరిచి, మూతున్న పారదర్శక డబ్బాలో పెట్టి, వెలుతురున్న చోట ఉంచండి. రెండు మూడు వారాల్లో 12కి పైగా మొలిస్తే విత్తనం మంచిదే. అయిదారే మొలిస్తే మూడింతలు చల్లుకోండి. ఒక్కటీ మొలవకపోతే ఆ ప్యాకెట్ మీద ఇంకో నెల పోగొట్టుకోకండి.

చలి ఎవరికి కావాలి? హిర్టాకు అక్కర్లేదు. మీ దగ్గరున్నది ఫుల్గిడా అయితే, గింజలను తడి ఇసుకలో కలిపి, జిప్ కవర్లో వేసి, ఫ్రిజ్ కింది అరలో కనీసం నాలుగు వారాలు ఉంచండి. ఫ్రీజర్లో పెట్టకూడదు. ఇసుక పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. గడువు అయ్యాక ఇసుకతో సహా ట్రేలో చల్లేయండి.

## 4. నారు పోయడం

ఈ పనికి అరగంట చాలు. కానీ వరస తప్పితే అంతా తప్పినట్టే.

మొదట మట్టి మిశ్రమాన్ని తడపండి, తర్వాత ట్రే నింపండి. పొడి కొబ్బరి పొట్టు నింపి పై నుంచి నీళ్లు పోస్తే పైన తడి కనిపిస్తుంది, లోపల పొడిగానే ఉంటుంది. మిశ్రమాన్ని ముందే తడిపి ఒక గంట వదిలేయండి.

అంచుకు ఒక సెంటీమీటరు కింద దాకా నింపి, పైభాగం చదును చేయండి. చెక్కముక్కతో మెల్లగా అదిమితే చాలు. గుంటలుంటే నీళ్లు పట్టినప్పుడు గింజలన్నీ అక్కడికే జారి గుంపు కడతాయి.

గింజను పొడి ఇసుకలో కలపండి. చిటికెడు గింజలకు రెండు చెంచాల ఇసుక. నల్ల గింజ నల్లటి మట్టి మీద కనిపించదు. ఇసుక పడిన చోటు తెల్లగా తెలుస్తుంది కాబట్టి ఒకే దగ్గర రెండుసార్లు చల్లే పొరపాటు జరగదు.

పలచగా చల్లండి. గింజకూ గింజకూ మధ్య కనీసం ఒక సెంటీమీటరు. గుంతల ట్రే అయితే గుంతకు రెండు మూడు. పంటిపుల్ల కొన తడిపి గింజకు ఆనిస్తే అంటుకుంటుంది, ఒక్కొక్కటే పెట్టుకోవచ్చు.

అదమండి, కప్పకండి. ఈ గింజకు వెలుతురు తగిలితేనే చక్కగా మొలుస్తుంది. వేలికొనలతోనో చదును చెక్కతోనో మట్టికి బాగా ఆనేలా అదిమి వదిలేయండి. గింజ మట్టికి ఆనకపోతే తడి అందదు, మట్టి కింద పడితే వెలుతురు అందదు. ఏమీ కప్పకుండా మనసు ఊరుకోకపోతే, ఇంకా గింజలు కనిపించేంత పలచగా, మిల్లీమీటరు మందాన ఇసుక రాల్చండి. అంతకు మించి వద్దు.

నేను మొదటి ఏడు బంతి విత్తనాల్లా వేలి మొదటి గీత దాకా గుచ్చి పెట్టాను. ఒక్క మొలకా రాలేదు. విత్తనం చెడ్డదని అనుకున్నాను. అదే ప్యాకెట్లో అడుగున మిగిలిన గింజలను మరుసటి నెల పైపైన చల్లితే పదకొండో రోజుకు ట్రే పచ్చబడింది.

కింద నుంచి నీళ్లు పట్టండి. పళ్లెంలో రెండు సెంటీమీటర్ల నీళ్లు పోసి, అందులో ట్రే పెట్టండి. పైపొర రంగు ముదిరిందంటే తడి పైకి వచ్చినట్టు. వెంటనే తీసి, మిగతా నీళ్లు కారిపోనివ్వండి.

పైన కవరు కప్పి, వెలుతురున్న నీడలో పెట్టండి. నేరుగా ఎండ తగిలితే కవరు కింద గింజలు ఉడికిపోతాయి. రోజుకోసారి కవరు ఎత్తి పది నిమిషాలు గాలి తగలనివ్వండి. పైపొర పాలిపోతున్నట్టు కనిపిస్తే స్ప్రేతో తుంపర కొట్టండి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. తడిసి ఉబ్బిన గింజ ఒక్క పూట పూర్తిగా ఎండినా చచ్చిపోతుంది, మళ్లీ తడిపినా లేవదు. ఊరెళ్లే పనుంటే విత్తడం వాయిదా వేసుకోండి.

## 5. మొలకల దగ్గర మొదటి నాలుగు వారాలు

ఏడో రోజు నుంచి ఇరవై ఒకటో రోజు మధ్య ఎప్పుడైనా మొలకలు రావచ్చు. అన్నీ ఒకేసారి రావు. పదో రోజుకు నాలుగైదే కనిపించాయని ట్రే పారేయకండి.

మొలక వచ్చిన రోజున వంగి దగ్గర్నుంచి చూడండి. దారప్పోగంత కాడ, దాని మీద అగ్గిపుల్ల తలకంటే చిన్నవైన రెండు గుండ్రటి ఆకులు. కొన్నిటికి నల్లటి గింజ పెంకు ఇంకా టోపీలా అంటుకునే ఉంటుంది. దాన్ని గిల్లకండి. కాస్త తుంపర కొడితే మెత్తబడి అదే ఊడిపోతుంది. ఈ రెండూ బీజదళాలు, నున్నగా ఉంటాయి. తర్వాత వచ్చే జత నుంచి అసలు ఆకులు. వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే వాటి అంచుల్లో తెల్లటి నూగు నిలబడి కనిపిస్తుంది. ఆ నూగు కనిపించిందంటే మీరు పెంచుతున్నది చాలావరకు కలుపు మొలకను కాదు.

సగం మొలకలు కనిపించగానే కవరు తీసేయండి. ఇంకా ఉంచితే లోపలి ఉక్కకు నారుకుళ్లు వస్తుంది.

వెలుతురు పెంచండి. పొద్దుటి ఎండ తగిలే కిటికీ మంచిది. దీపాల కింద పెంచేవాళ్లు మొలకలకు 5–10 సెం.మీ. ఎత్తులో దీపం పెట్టి, రోజుకు 14 గంటలు వెలిగించండి. మొలకలు పెరిగే కొద్దీ దీపాన్ని పైకి జరపాలి. కిటికీ దగ్గరైతే ట్రేను రోజూ ఒకసారి తిప్పండి.

పైపొర కొద్దిగా ఆరాకే నీళ్లు. మొలకెత్తే దాకా ఎండనివ్వకూడదు, మొలకెత్తాక ఎప్పుడూ తడిగా ఉండకూడదు. ఈ మార్పు చాలామంది గమనించరు, అదే చేత్తో అలాగే నీళ్లు పోస్తూ పోతారు.

నారుకుళ్లు వస్తే మొలక కాడ మట్టి దగ్గర సన్నబడి, నీరు పట్టినట్టై, పక్కకు వాలిపోతుంది. వాలిన మొలక బతకదు. దాన్నీ చుట్టూ ఉన్న మట్టినీ చెంచాతో ఎత్తి పారేయండి. నీళ్లు ఆపి, గాలి బాగా ఆడేచోటికి ట్రే మార్చండి. రెండు రోజులు పైపొర ఆరనిస్తే మిగతావి చాలావరకు దక్కుతాయి.

పలచన చేయడం. అసలు ఆకుల మొదటి జత రాగానే, గుంపుగా ఉన్నచోట బలహీనమైనవాటిని చిన్న కత్తెరతో మొదట్లో కత్తిరించండి. లాగితే పక్క మొలక వేరు కూడా కదిలిపోతుంది. గుంతల ట్రేలో గుంతకు ఒక్కటే మిగలాలి. ఇది మనసుకు కష్టంగానే ఉంటుంది, నాకు ఇప్పటికీ కష్టమే. కానీ మూడు ఉంచిన గుంతలో మూడూ గిడసబారిపోతాయి.

చిన్న కుండీల్లోకి మార్చడం. అసలు ఆకులు రెండు జతలు వచ్చాక, 8–10 సెం.మీ. కుండీకి ఒక్కోటి మార్చండి. పట్టుకోవాల్సింది ఆకును, కాడను కాదు. ఆకు చిరిగితే ఇంకోటి వస్తుంది, కాడ నలిగితే మొక్కే పోతుంది. బీజదళాల కింద దాకా మట్టి ఉండాలి, అంతకంటే లోతు వద్దు.

మార్చిన వారం తర్వాత ద్రవ ఎరువు ఏదైనా, చెప్పిన మోతాదులో పావు వంతు కలిపి ఒకసారి పోయండి.

## 6. నేరుగా మడిలో చల్లాలనుకుంటే

ఇదీ పనిచేస్తుంది. గింజ ఎక్కువ పడుతుంది, కలుపుతో పేచీ ఉంటుంది. ట్రే చాకిరీ మాత్రం తప్పుతుంది.

- మడిలో కలుపు పూర్తిగా తీసి, నీళ్లు పెట్టి రెండు వారాలు వదలండి. కొత్తగా లేచిన కలుపును మళ్లీ తీయండి.
- పైన రెండు సెంటీమీటర్లు మాత్రం పళ్ల గొర్రుతో గీకి, గడ్డలు చిదపండి.
- గింజకు పదింతల ఇసుక కలిపి, సగం నిలువుగా నడుస్తూ, సగం అడ్డంగా నడుస్తూ చల్లండి.
- పలక వేసి దాని మీద నడవండి, గింజ మట్టికి ఆనుతుంది. పైన మట్టి లాగకండి, మల్చింగ్ (ఎండాకుల లాంటి కప్పు) వేయకండి.
- మొలకెత్తే దాకా రోజూ సన్నటి తుంపర.
- మొక్కలు బెత్తెడు వెడల్పు కాగానే 30 సెం.మీ. దూరానికి పలచన చేయండి.

గట్టి వాన కురిసే రోజుల్లో మాత్రం వద్దు. ఒక్క జల్లుకు గింజలన్నీ మడి మూలకు కొట్టుకుపోతాయి.

## 7. మడిలో నాటడం

నారు పోసిన 6 నుంచి 8 వారాలకు మొక్క నాటడానికి సిద్ధమవుతుంది. కుండీ చిల్లుల్లోంచి తెల్లటి వేళ్లు తొంగిచూస్తుంటే ఆలస్యం చేయకండి.

చోటు. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ. అంతకంటే తగ్గితే కాడలు సాగి పడిపోతాయి, పూలు తగ్గుతాయి.

నేల. నీరు నిలవకూడదు. ఒక అడుగు గొయ్యి తీసి నీళ్లు నింపండి. అవి ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి నీళ్లు మూడు నాలుగు గంటల్లో ఇంకిపోతే ఆ చోటు మంచిదే. మరుసటి రోజుకీ నీళ్లుంటే మడిని జానెడు ఎత్తు చేయండి, లేదా కుండీలో పెంచండి. సాధారణ తోట నేల ఏదైనా చాలు. మడికి చివికిన కంపోస్టు రెండు సెంటీమీటర్ల మందాన పరిచి, పైమట్టిలో కలిపితే సరిపోతుంది. పశువుల ఎరువు బుట్టలు బుట్టలు వేయకండి.

ఎండకు అలవాటు చేయడం. వారం రోజులు తీసుకోండి. మొదటి రోజు నీడలో రెండు గంటలు, తర్వాత పొద్దుటి ఎండలో గంట, అలా రోజూ కొంచెం పెంచుతూ ఏడో రోజుకు రోజంతా బయట. ఇంటి లోపల పెరిగిన మొక్కను ఒకేసారి ఎండలో పెడితే ఆకులు తెల్లగా మాడిపోతాయి.

దూరం. పొట్టి రకాలకు 20–25 సెం.మీ., మధ్య రకాలకు 30, పొడవు రకాలకు 45. నాటిన రోజున మడి బోసిగా కనిపిస్తుంది. రెండు నెలల్లో ఆ సందులన్నీ నిండిపోతాయి. సందు లేకపోతే గాలి ఆడక బూడిద తెగులు వస్తుంది.

లోతు. కుండీలో ఏ మట్టంలో ఉందో మడిలోనూ అదే మట్టం. ఆకులన్నీ పుట్టే మొదలు మట్టి పైనే ఉండాలి. టమాటా నారులా లోతుగా పాతితే ఆ మొదలు కుళ్లుతుంది.

సాయంత్రం నాటి, మొదట్లో నీళ్లు పోయండి. కుండీలో అయితే పొట్టి రకానికి 20–25 సెం.మీ. లోతు, పొడవు రకానికి 30 సెం.మీ.కి తగ్గకూడదు.

## 8. నీళ్లు, ఎరువు

నాటిన మొదటి నెల రెండు మూడు రోజులకోసారి మొదట్లో నీళ్లు. వేళ్లు పట్టాక వారానికోసారి బాగా నానేలా పోస్తే చాలు. ఎండలు ఎక్కువైతే రెండుసార్లు. కుండీల్లో మాత్రం వేలు గుచ్చి చూసి, రెండు సెంటీమీటర్లు పొడిగా ఉంటే పోయండి.

మడిలో వేసిన కంపోస్టు ఏడాదికి చాలు. కుండీలో నెలకోసారి సగం మోతాదు ద్రవ ఎరువు. నత్రజని ఎక్కువుండే ఎరువులు, యూరియా లాంటివి, దీనికి అసలు వద్దు. ఆకులు పెద్దవై, కాడలు మెత్తబడి, పూలు తగ్గిపోతాయి. ఎక్కువ ఎరువుతో పాడైన మొక్కలే నాకు ఎక్కువ కనిపించాయి.

కాడ జానెడు ఎత్తు లేచినప్పుడు కొన తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. పువ్వు రెండు వారాలు ఆలస్యమైనా పూల సంఖ్య పెరుగుతుంది. పొట్టి రకాలకు ఈ పని అక్కర్లేదు.

## 9. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

మొలకలు సాగి, పాలిపోయి, వాలిపోతున్నాయి. వెలుతురు చాలలేదు. దీపం దగ్గర చేయండి లేదా కిటికీ మార్చండి. చిన్న కుండీలోకి మార్చేటప్పుడు బీజదళాల కింద దాకా మట్టి పోస్తే కాడకు ఆసరా దొరుకుతుంది.

మొలకలు వచ్చి ఆగిపోయాయి, మూడు వారాలుగా పెరుగుదల లేదు. ఒకే గుంతలో ఎక్కువ ఉన్నాయేమో, మట్టి ఎప్పుడూ తడిగా ఉందేమో చూడండి. రెండూ కాకపోతే పావు మోతాదు ద్రవ ఎరువు ఒకసారి పోసి పది రోజులు ఆగండి.

ఆకుల గుత్తి పెద్దదైంది, కాడ లేవట్లేదు. ఎప్పుడు విత్తారో గుర్తుచేసుకోండి. పగళ్లు పొట్టిగా ఉన్న కాలమైతే ఎదురుచూడటమే మందు. పగళ్లు పొడుగవుతున్నా లేవకపోతే ఎండ ఎన్ని గంటలో లెక్కపెట్టండి, ఎరువు పూర్తిగా ఆపేయండి. మొక్కను మాత్రం పీకేయకండి.

పూసిన కాడలు పడిపోతున్నాయి. నీడ గానీ, ఎరువు ఎక్కువ గానీ. ఈ ఏటికి పుల్లలు పాతి దారంతో వదులుగా కట్టండి. వచ్చే ఏడు చోటు మార్చండి.

మధ్యాహ్నం ఆకులు వాలుతున్నాయి. సాయంత్రానికి లేస్తే అది ఎండ వల్లే, నీళ్లు అక్కర్లేదు. పొద్దున కూడా వాలి ఉంటే మట్టిలో వేలు గుచ్చండి. పొడిగా ఉంటే నీళ్లు పోయండి. తడిగా ఉండి కూడా వాలితే వేరు కుళ్లుతోంది, నీళ్లు ఆపండి.

## 10. తెగుళ్లు, పురుగులు

నత్తలకు లేత నారంటే ప్రాణం. పొద్దున లేచేసరికి ఆకులు గుండ్రంగా తిని ఉండి, మెరిసే జిగురు చార కనిపిస్తే అవే. రాత్రి టార్చి పట్టుకుని రెండు మూడు రోజులు ఏరేయడమే నాకు తెలిసిన గట్టి ఉపాయం.

పేనుబంక మొగ్గల కింద చేరుతుంది. గొట్టంతో గట్టిగా నీళ్లు కొడితే రాలిపోతుంది. మళ్లీ వస్తే వేప నూనె సాయంత్రం పూట చల్లండి. పూలున్నప్పుడు తేనెటీగలు వాలే వేళల్లో ఏదీ చల్లకండి.

బూడిద తెగులు వస్తే ఆకుల మీద తెల్లపొడి రాల్చినట్టుంటుంది. పట్టిన ఆకులు తుంచి, మొక్కల మధ్య గాలి ఆడేలా చేయండి. ఆకుమచ్చ తెగులు కింది ఆకుల మీద ముదురు గోధుమ మచ్చలుగా మొదలై పైకి పాకుతుంది. మచ్చ ఆకులు తీసేయండి, రాలినవీ ఏరేయండి, ఆకుల మీద నీళ్లు పడకుండా మొదట్లోనే పోయండి.

ఒకే ఒక్క జబ్బుకు మాత్రం మందు లేదు. పువ్వు రేకులు పసుపుకు బదులు ఆకుపచ్చగా, ముడుచుకుని, పువ్వులోంచి చిన్న ఆకులు పుట్టినట్టు కనిపిస్తే అది ఆస్టర్ ఎల్లోస్. దీపపు పురుగుల్లాంటి చిన్న ఆకుదోమలు ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు దీన్ని మోస్తాయి. ఆ మొక్కను వేళ్లతో సహా పీకి, కవర్లో కట్టి పారేయండి. దాని గింజ దాచకండి.

కాడల నూగు కొందరి చర్మానికి దురద పుట్టిస్తుంది. చాలాసేపు పనిచేసేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి.

## 11. వాడిన పూలు తుంచడం, గింజ తీయడం

రేకులు వేలాడటం మొదలుపెట్టగానే, ఆ కాడను కింది ఆకు దాకా గానీ పక్క మొగ్గ దాకా గానీ కత్తిరించండి. తల ఒక్కటే తుంచితే మోడు కాడలు మిగిలి అసహ్యంగా ఉంటాయి. వారానికి రెండుసార్లు ఇలా చేస్తే పూత చాలా వారాలు సాగుతుంది. ఇంట్లో పెట్టుకోవాలంటే రేకులు పూర్తిగా విచ్చుకున్న పూలను పొద్దున్నే కోయండి. నీళ్లు మారుస్తుంటే వారం దాకా నిలుస్తాయి.

పూత తగ్గే వేళకు తుంచడం ఆపి, ఆరోగ్యంగా ఉన్న మొక్క మీద నాలుగైదు పూలు గింజకు వదలండి. మిగిలినవి పిట్టలు తినిపోతాయి, తిననివ్వండి.

రేకులు రాలిన మూడు నాలుగు వారాలకు నల్లటి బొడిపె బూడిదరంగుకు తిరుగుతుంది. వేలితో రుద్ది చూడండి. గట్టిగా పట్టుకుని ఉంటే ఇంకా సమయం ఉంది. పొడిగా రాలితే కోతకు వచ్చినట్టు.

- ఎండ బాగా కాసిన రోజు మధ్యాహ్నం కోయండి.
- కాగితం సంచిలో వేసి, నీడలో వారం ఆరబెట్టండి.
- బొడిపెను అరచేతుల మధ్య నలపండి. ఆ పొట్టు గరుకుగా గుచ్చుకుంటుంది, తొడుగులుంటే మంచిది.
- టీ వడకట్టే జల్లెడలో వేసి ఆడిస్తే గింజలు కిందికి రాలతాయి, పొట్టు చాలావరకు పైన మిగులుతుంది.
- పళ్లెంలో పోసి చాలా మెల్లగా ఊదండి. పొట్టూ తాలూ ఎగిరిపోతాయి.

కాగితం కవర్లో వేసి, గాలి చొరని డబ్బాలో, చల్లగా పొడిగా ఉండే చోట పెట్టండి. రెండు మూడేళ్లు మొలక శక్తి బాగుంటుంది. హైబ్రిడ్ రకం గింజ తీస్తే అదే రంగు వస్తుందన్న నమ్మకం లేదు. పసుపు హిర్టా మాత్రం పసుపే పూస్తుంది.

కవరు మీద రకం పేరు, కోసిన నెల, ఏడాది అప్పుడే రాసేయండి. దాని కిందే "పైపైన చల్లాలి, కప్పకూడదు" అని కూడా రాసి పెట్టండి.